జ్యూరీకి ఎవరిని పిలుస్తారు, ఎవరిని వదిలేస్తారు

మూసారంబాగ్ అయినా, అక్బర్‌బాగ్ అయినా, సలీంనగర్ అయినా మలక్‌పేట కాలనీల్లో పిల్లలు అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో స్థిరపడిన ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఆ పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు కోర్టు నుంచి కాగితం వస్తుంది. ఫలానా తేదీన ఫలానా కోర్టుకు జ్యూరీ విధికి రావాలని అందులో ఉంటుంది. ఆ సంగతి ఫోన్లో చెప్పగానే ఇక్కడ అమ్మానాన్నలు కంగారుపడతారు. మన అనుభవంలో కోర్టు సమన్లంటే కేసులో ఇరుక్కోవడమే. "ఏమైందిరా, ఎవరితోనైనా గొడవ పడ్డావా?" అన్నదే మొదటి ప్రశ్న.

గొడవేమీ లేదు. తీర్పు చెప్పడానికి రమ్మని ఆ పిలుపు. జ్యూరీ పద్ధతిలో కేసుతో ఏ సంబంధమూ లేని మామూలు పౌరులను కొందరిని కోర్టులో కూర్చోబెడతారు. సాక్ష్యమంతా వాళ్ళ ఎదుటే నడుస్తుంది. చట్టం ఏం చెబుతోందో జడ్జి వివరిస్తారు. ఆ రాత్రి ఆ మనిషి ఆ పని చేశాడా లేదా అన్నది మాత్రం జ్యూరీయే తేల్చాలి. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో నేర విచారణ జ్యూరీకి 12 మంది ఉంటారు. అందరూ ఒక్క మాట మీదికి వస్తేనే తీర్పు. రాష్ట్రాల కోర్టుల్లో కూడా తీవ్రమైన నేరాలకు ఏకగ్రీవం ఉండి తీరాలని అక్కడి సుప్రీంకోర్టు 2020లో చెప్పింది.

ఒక మనిషి స్వేచ్ఛ, ఒక్కోసారి ప్రాణం ఆ 12 మంది చేతిలో ఉంటుంది. అందుకే వాళ్ళను ఎలా ఎంచుతారు, ఎవరిని వద్దంటారు, ఎవరికి మినహాయింపు ఇస్తారు అన్నవి చాలా ముఖ్యమైన ప్రశ్నలు. వీటికి మన దేశం కూడా ఒకప్పుడు జవాబు రాసుకుంది. ముందు అదేమిటో చూస్తే, పిల్లలకు వచ్చిన కాగితం సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

మన దగ్గర జ్యూరీ ఉన్న రోజులు

జ్యూరీ మన గడ్డకు కొత్తది కాదు. 1665లోనే మద్రాసు సెయింట్ జార్జి కోటలో జ్యూరీ విచారణ జరిగింది. పనిపిల్లను చంపిందన్న నేరం మోపి అసెన్షియా డాస్ అనే మహిళను విచారించారు. జ్యూరీ ఆమెను వదిలేసింది. తర్వాతి కాలంలో ఈ పద్ధతి నగరాల హైకోర్టుల నుంచి కొన్ని జిల్లాల సెషన్స్ కోర్టులకూ పాకింది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దీనికి వివరమైన నియమాలు రాసింది. ఏ జిల్లాలో, ఏ నేరాలకు జ్యూరీ ఉండాలో ప్రభుత్వమే గెజిట్‌లో ప్రకటించాలి. అందుకే ఇది దేశమంతటా ఒకే తీరున లేదు. నిజాం పాలన ముగిశాక, 1951లో ఆ కోడ్‌ను హైదరాబాద్ రాష్ట్రానికీ వర్తింపజేశారు.

ఆ కోడ్ ప్రకారం జ్యూరీ సభ్యుడు కావాలంటే మూడు జల్లెళ్ళు దాటాలి. ఇప్పుడు జ్యూరీ నడుస్తున్న దేశాల్లోనూ ఇవే మూడు ఉన్నాయి. కన్నాల సైజుల్లోనే తేడా.

మొదటిది జాబితా. 21 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉన్న మగవాళ్ళందరూ జ్యూరీకి బాధ్యులని 1898 చట్టం అంది. ఆడవాళ్ళు ఆ మాటతోనే పక్కకు పోయారు. ఆపైన మినహాయింపుల పట్టిక ఉంది. జడ్జీలు, పై స్థాయి అధికారులు, పోలీసులు, సైనికులు, తపాలా తంతి ఉద్యోగులు, ప్రాక్టీసులో ఉన్న వకీళ్ళు, వైద్యులు, పౌరోహిత్యం చేసే మతగురువులు రానక్కర్లేదు. మిగిలిన వాళ్ళలోంచి తమకు అర్హులనిపించిన వాళ్ళ పేర్లు సెషన్స్ జడ్జి, కలెక్టర్ కలిసి జాబితాగా రాస్తారు. ఆ జాబితాను కోర్టులోనూ కలెక్టర్ కచేరీలోనూ అంటించి, అభ్యంతరాలుంటే విని సవరిస్తారు.

ఈ పట్టికను నేటి మలక్‌పేటకు అన్వయించి చూద్దాం. క్లినిక్‌లో కూర్చునే డాక్టరు వెళ్ళనక్కర్లేదు. పొద్దున్నే నల్లకోటు వేసుకుని నాంపల్లి కోర్టుకు బయల్దేరే వకీలు వెళ్ళనక్కర్లేదు. పోస్టాఫీసు గుమాస్తా, స్టేషన్లో కానిస్టేబులు, గుడిలో అర్చకుడు, మసీదులో ఇమాం... వీళ్ళెవరూ వెళ్ళనక్కర్లేదు. ఇంట్లో ఆడవాళ్ళ పేర్లు అసలు ఎక్కవు. మలక్‌పేట గంజ్‌లో ఉల్లిగడ్డ బస్తాలు మోసే హమాలీ చట్టం ప్రకారం బాధ్యుడే. కానీ జాబితా రాసే ఇద్దరు అధికారులకూ అతను అర్హుడిగా కనిపించాలి. ఇక మిగిలేది ఎవరు? అడ్తీ వ్యాపారి, కిరాణా కొట్టు యజమాని, కొందరు ఉద్యోగులు, బడిపంతుళ్ళు. ఇంత పెద్ద బస్తీకి ప్రతినిధులు ఈ కొద్దిమందే అవుతారు.

రెండో జల్లెడ పిలుపు. విచారణకు ముందు కావలసిన సంఖ్యకు కనీసం రెట్టింపు మందిని పిలవాలి. ఎవరిని పిలవాలో బహిరంగ కోర్టులో చీట్లు తీసి తేలుస్తారు. గత 6 నెలల్లో జ్యూరీలో కూర్చున్న వాళ్ళ పేర్లు వీలైనంత వరకు ఈ చీట్లలో కలపరు. సరైన కారణం చూపితే కోర్టు మినహాయింపు ఇచ్చేది. ఏ కారణమూ లేకుండా ఎగ్గొడితే 100 రూపాయల దాకా జరిమానా. ఆ రోజుల్లో అది చిన్న మొత్తమేమీ కాదు.

మూడోది కోర్టు హాల్లో అభ్యంతరం. వచ్చిన వాళ్ళలోంచి మళ్ళీ చీటీ తీసి ఒక్కొక్కరినే పిలుస్తారు. పేరు పిలిచినప్పుడు ప్రాసిక్యూషన్ గానీ నిందితుడు గానీ "ఈ మనిషి వద్దు" అనవచ్చు. ఏ కారణాలు చెల్లుతాయో చట్టమే చెప్పింది. పక్షపాతం ఉందని అనుమానం, వయసు చాలకపోవడం లేదా మించిపోవడం, కోర్టులో ఉద్యోగం, పోలీసు విధులు, సాక్ష్యం నడిచే భాష రాకపోవడం. అలవాటు వల్లనో దీక్ష వల్లనో లోక వ్యవహారాలు పూర్తిగా వదిలేసిన మనిషి కావడం కూడా ఆ జాబితాలో ఉంది. అంటే సన్యాసిని జ్యూరీలో కూర్చోబెట్టవద్దని అభ్యంతరం చెప్పవచ్చు. సాటి మనుషుల కష్టసుఖాలతో, ఇచ్చిపుచ్చుకోవడాలతో సంబంధం ఉన్నవాడే వాళ్ళ మధ్య తీర్పు చెప్పాలన్నది ఆ నియమం వెనక ఆలోచన.

ఎందుకు పోయింది

జ్యూరీ మాట రాగానే అందరికీ గుర్తొచ్చేది నానావతి కేసు. 1959లో బొంబాయిలో నౌకాదళ కమాండర్ కె.ఎం. నానావతి తన భార్యతో సంబంధం పెట్టుకున్న ప్రేమ్ ఆహూజాను కాల్చి చంపాడు. సెషన్స్ కోర్టులో 9 మంది జ్యూరీ 8-1 తేడాతో అతను నిర్దోషి అంది. ఆ తీర్పుతో ఏకీభవించని జడ్జి, చట్టం ఇచ్చిన వెసులుబాటుతో కేసును హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 1961 నవంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. పత్రికలు నానావతి పక్షం వహించి హోరెత్తించిన వాతావరణంలో ఆ విచారణ నడిచింది.

ఆ కేసుతోనే జ్యూరీ రద్దయిందని చాలామంది అంటారు. నిజానికి రద్దు చెయ్యాలని లా కమిషన్ తన 14వ నివేదికలో, అంటే నానావతి కేసుకు ముందు 1958లోనే చెప్పింది. జ్యూరీకి తోబుట్టువు లాంటి అసెసర్ల పద్ధతి 1955 సవరణతో అంతకు ముందే పోయింది. అసెసర్లు కూడా పౌరులే. కాకపోతే వాళ్ళ అభిప్రాయానికి జడ్జి కట్టుబడనక్కర్లేదు. నానావతి కేసు తర్వాత కూడా కొన్ని చోట్ల జ్యూరీ విచారణలు జరిగాయి. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో మాత్రం జ్యూరీకి చోటు దక్కలేదు. 2024 జులై 1 నుంచి నడుస్తున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ లేదు.

జ్యూరీ ఎందుకు నిలవలేదన్న దానికి చాలా కారణాలు చెబుతారు. భాషలు, కులమతాల ప్రభావం, పత్రికల ఒత్తిడి, జడ్జి కాదంటే తీర్పు హైకోర్టుకు వెళ్ళే ఏర్పాటు. ఇవన్నీ నిజమే. వీటితో పాటు మినహాయింపుల పట్టికను కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది నా అభిప్రాయం. చదువూ అనుభవమూ ఉన్న ఎన్నో వృత్తుల వాళ్ళను చట్టమే వదిలేసింది. సగం జనాభాను, అంటే ఆడవాళ్ళను, అసలు లెక్కపెట్టలేదు. మిగిలిన వాళ్ళలో అధికారులు ఎంచిన వాళ్ళే జాబితాకెక్కారు. ఇలా పలచబడ్డ జ్యూరీని తమ జ్యూరీ అని జనం ఎలా అనుకుంటారు? పోయినప్పుడు జనంలో పెద్దగా బాధ లేకపోవడానికి ఇదొక కారణం.

మినహాయింపుల తలుపు మూసిన దేశం

ఇంగ్లండ్ ఈ చిక్కును గుర్తించింది. అక్కడ కూడా జడ్జీలు, లాయర్లు, మతగురువులకు జ్యూరీలో చోటుండేది కాదు. డాక్టర్లు, పార్లమెంటు సభ్యులు కోరుకుంటే తప్పుకోగలిగేవారు. 2003లో చేసిన చట్టం 2004 ఏప్రిల్ నుంచి ఆ వృత్తి మినహాయింపులను దాదాపు అన్నిటినీ తీసేసింది. ఇప్పుడు జడ్జికైనా సర్జన్‌కైనా పిలుపు వస్తే వెళ్ళాల్సిందే. ఆపరేషన్లున్నాయనో పరీక్షలున్నాయనో చెప్పి వాయిదా కోరవచ్చు. అసలు రానంటే మాత్రం గట్టి కారణం చూపాలి.

ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగువాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. అక్కడి జ్యూరీ జాబితా ఓటర్ల జాబితా నుంచి వస్తుంది. భారతీయులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి అక్కడ నివాసముంటే ఓటరుగా నమోదు కావచ్చు. వయసు 18 నుంచి 75 ఏళ్ళ వరకు ఉండి, 13 ఏళ్ళు నిండాక కనీసం 5 ఏళ్ళు అక్కడ నివసించి ఉంటే, భారత పాస్‌పోర్టు చేతిలో ఉన్నా జ్యూరీ పిలుపు రావచ్చు. "నేను బ్రిటిష్ పౌరుణ్ణి కాదు, నాకెందుకు" అని కాగితం పక్కన పడేస్తే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడే ప్రమాదం ఉంది.

అమెరికాలో ఆ కాగితం వస్తే

అమెరికాలో నియమం వేరు. అక్కడ జ్యూరీకి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. ఫెడరల్ కోర్టులకు 1968 నాటి చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం 18 ఏళ్ళు నిండాలి, ఆ కోర్టు పరిధిలో ఏడాదిగా నివాసం ఉండాలి, ఫారం నింపగలిగేంత, విచారణ అర్థం చేసుకోగలిగేంత ఇంగ్లీషు రావాలి. ఏడాదికి మించి శిక్షపడే నేరం కేసు నడుస్తూ ఉండకూడదు. అలాంటి నేరంలో శిక్షపడి పౌరహక్కులు తిరిగి రాని వాళ్ళు అర్హులు కారు. పనిలో ఉన్న సైనికులకు, వృత్తిరీత్యా పోలీసు, అగ్నిమాపక ఉద్యోగులైన వాళ్ళకు, పూర్తికాలం ప్రభుత్వ పదవుల్లో ఉన్న వాళ్ళకు జ్యూరీ విధి లేదు. 70 దాటిన వాళ్ళను, గత 2 ఏళ్ళలో ఫెడరల్ జ్యూరీలో కూర్చున్న వాళ్ళను చాలా కోర్టులు అడిగితే వదిలేస్తాయి. రాష్ట్రాల కోర్టులకు వాటి నియమాలు వాటికున్నాయి. న్యూజెర్సీలో 75 ఏళ్ళు నిండిన వాళ్ళు మినహాయింపు కోరవచ్చు.

మన పిల్లలకు చిక్కు వచ్చేది ఇక్కడే. చాలా రాష్ట్రాల్లో జ్యూరీ జాబితాను ఓటర్ల జాబితాతో పాటు డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి కూడా తయారుచేస్తారు. లైసెన్సు హెచ్-1బి వీసా మీద ఉన్న వాళ్ళకూ, గ్రీన్ కార్డ్ ఉన్న వాళ్ళకూ ఉంటుంది కదా. అందుకే పౌరులు కాని వాళ్ళకూ ఆ ఫారం వస్తుంది. అప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. "మీరు అమెరికా పౌరులా?" అన్న ప్రశ్న దగ్గర కాదని గుర్తుపెట్టి, ఫారం తిరిగి పంపాలి. రుజువు అడిగితే కాపీ జతచెయ్యాలి. ఫారాన్ని చెత్తబుట్టలో వేస్తే కోర్టు పిలుపును ధిక్కరించినట్టవుతుంది. తొందరలోనో ఉత్సాహంలోనో అవునని గుర్తుపెడితే అంతకన్నా ప్రమాదం. పౌరుణ్ణని అబద్ధం చెప్పినట్టు లెక్కకొస్తే వీసా, గ్రీన్ కార్డ్, రాబోయే పౌరసత్వం అన్నీ చిక్కుల్లో పడతాయి.

పెద్దవాళ్ళ సంగతి వేరు. 50 ఏళ్ళు దాటి, 20 ఏళ్ళు గ్రీన్ కార్డ్ మీద ఉన్న వాళ్ళకు, 55 దాటి 15 ఏళ్ళు ఉన్న వాళ్ళకు పౌరసత్వ పరీక్షలో ఇంగ్లీషు మినహాయింపు ఉంది. అలా పౌరులైన తల్లులు, తండ్రులు మన వాళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళకు జ్యూరీ కాగితం వస్తే ఇంగ్లీషు రాదన్న నిజం ఫారంలో రాస్తే చాలు. వాళ్ళు ఏడాదిలో కొన్ని నెలలు మలక్‌పేటలో ఉంటే, అమెరికా ఇంటికొచ్చే టపాను పిల్లలే తెరిచి చూడాలి. గడువులోగా కోర్టుకు రాసి వాయిదా అడగాలి. ఫెడరల్ కోర్టు పిలుపును కారణం లేకుండా ఎగ్గొడితే 1,000 డాలర్ల దాకా జరిమానా, 3 రోజుల దాకా జైలు కూడా పడవచ్చు.

ఉద్యోగం పోతుందన్న భయం అక్కర్లేదు. ఫెడరల్ జ్యూరీకి వెళ్ళినందుకు శాశ్వత ఉద్యోగిని తీసేయడం, బెదిరించడం చట్టవిరుద్ధం. ఫెడరల్ కోర్టు రోజుకు 50 డాలర్లు ఇస్తుంది. పాలుతాగే బిడ్డ ఉన్నా, ఇంట్లో జబ్బు మనిషిని చూసుకునే దిక్కు మీరే అయినా, ముందే నిర్ణయమైన ఆపరేషన్ ఉన్నా ఉన్నది ఉన్నట్టు రాసి అడగండి. చాలాసార్లు తేదీ మారుస్తారు.

కోర్టు హాల్లో జరిగేది

పిలిచినంత మాత్రాన జ్యూరీలో కూర్చున్నట్టు కాదు. అసలు ఎంపిక కోర్టు హాల్లోనే. ఒక దొంగతనం కేసు అనుకోండి. పిలిచిన వాళ్ళలో కొందరి పేర్లు చదివి కుర్చీల్లో కూర్చోబెడతారు. జడ్జి, కొన్ని చోట్ల లాయర్లు, ప్రశ్నలు వేస్తారు. నిందితుడు గానీ, లాయర్లు గానీ, సాక్షులు గానీ మీకు తెలుసా? మీ ఇంట్లో ఎప్పుడైనా దొంగతనం జరిగిందా? పోలీసు చెప్పిన మాటను మామూలు మనిషి మాటకన్నా ఎక్కువగా నమ్ముతారా?

ఒకావిడ "మా ఇంట్లో పోయినేడు దొంగలు పడ్డారు" అందనుకోండి. జడ్జి వెంటనే పంపించెయ్యరు. "అయినా ఈ కేసులో మీరు విన్న సాక్ష్యం మీదే నిర్ణయం చెప్పగలరా?" అని అడుగుతారు. "చెప్పగలను" అంటే ఆమె ఉండవచ్చు. "ఆ రాత్రి గుర్తొస్తే నా మనసు నా మాట వినదు, హామీ ఇవ్వలేను" అంటే కారణంతో తప్పిస్తారు. ఇలా తగిన కారణంతో ఎంతమందినైనా తప్పించవచ్చు.

దానికి తోడు రెండు పక్షాల లాయర్లకూ కారణం చెప్పకుండా కొందరిని వద్దనే హక్కు ఉంది. ఫెడరల్ కోర్టులో తీవ్ర నేరం కేసైతే నిందితుడి పక్షానికి 10, ప్రభుత్వ పక్షానికి 6. ఈ హక్కు దుర్వినియోగమైన చరిత్ర పెద్దది. నల్లజాతి వాళ్ళను జ్యూరీ నుంచి ఏరిపారెయ్యడానికి దీన్ని వాడుకున్నారు. జాతి చూసి తీసెయ్యకూడదని 1986లో బాట్సన్ కేసులోనూ, ఆడా మగా అన్నది చూసి తీసెయ్యకూడదని 1994లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. ఆడవాళ్ళను జ్యూరీ జాబితాల నుంచి మొత్తంగా దూరంగా ఉంచే పద్ధతిని 1975లోనే కొట్టేసింది. అరిజోనా 2022 నుంచి కారణం లేని తిరస్కరణను పూర్తిగా ఎత్తేసింది.

మిమ్మల్ని తప్పిస్తే చిన్నబుచ్చుకోవద్దు. మీ మంచితనం మీద అది తీర్పు కాదు. ఆ కేసుకు మీరు సరిపడరని మాత్రమే అర్థం.

ఒక జాగ్రత్త. "జ్యూరీకి రాలేదు, అరెస్టు వారంటు వచ్చింది, ఇప్పుడే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పు" అని ఫోన్ చేసే మోసగాళ్ళు అమెరికాలో ఉన్నారు. మన దగ్గర డిజిటల్ అరెస్టు పేరుతో జరిగే మోసం లాంటిదే ఇది. ఏ కోర్టూ ఫోన్లో డబ్బు అడగదు. ఫోన్ పెట్టేసి, కోర్టు వెబ్‌సైట్లో ఉన్న నంబరుకు మీరే చేసి కనుక్కోండి.

ఇక్కడ మనకు మిగిలింది

భారతదేశంలో పౌరులు కోర్టులో కూర్చుని నిర్ణయంలో పాలుపంచుకునే, జ్యూరీని పోలిన ఏర్పాటు ఒకటి మిగిలింది. పార్సీల వివాహ వివాదాల్లో 1936 చట్టం కింద జడ్జితో పాటు ఆ సమాజం నుంచి 5గురు ప్రతినిధులు కూర్చుంటారు. ప్రభుత్వం స్థానిక పార్సీల అభిప్రాయం తీసుకుని 10 ఏళ్ళ కాలానికి నియమించే జాబితా నుంచి వాళ్ళను వంతులవారీగా తీసుకుంటారు.

మిగతా అందరికీ ఉన్నది పంచ్ సాక్షి బాధ్యత. పోలీసులు మీ వీధిలో ఒక ఇల్లు సోదా చేయబోతే, ఆ ప్రాంతంలోనే ఉండే, కేసుతో సంబంధం లేని, మర్యాదస్తులైన ఇద్దరిని లేదా అంతకన్నా ఎక్కువ మందిని సాక్షులుగా పిలవాలని నాగరిక్ సురక్షా సంహిత 103వ సెక్షన్ చెబుతోంది. రాతపూర్వకంగా పిలిచినప్పుడు సరైన కారణం లేకుండా నిరాకరించడం నేరం. సోదా మీ కళ్ళ ముందు జరగాలి. దొరికిన వస్తువుల జాబితా మీద మీరు సంతకం పెట్టాలి. కోర్టు ప్రత్యేకంగా సమన్లు పంపితే తప్ప విచారణకు వెళ్ళనక్కర్లేదు. ఇప్పుడు సోదాను వీడియో తియ్యాలని కూడా చట్టంలో ఉంది.

మన ఇళ్ళలో చాలామంది పంచ్‌గా రమ్మంటే మొహం చాటేస్తారు. అందువల్లే ఒకే మనిషి ఎన్నో కేసుల్లో పంచ్‌గా తేలడం, కోర్టులో ఆ సాక్ష్యం నిలవకపోవడం జరుగుతుంది. ఇరుగుపొరుగు రానప్పుడు పోలీసులు తమకు తెలిసిన వాళ్ళనే పిలుచుకుంటారు. నష్టపోయేది నిందితుడు కావచ్చు, బాధితుడు కావచ్చు.

మినహాయింపు అడగడం తప్పు కాదు. నిజమైన కారణం ఉంటే అది మీ హక్కు. లేని కారణం కల్పించుకుని తప్పుకుంటేనే అన్యాయం మొదలవుతుంది. కాబట్టి అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న మీ పిల్లలకు జ్యూరీ పిలుపు వస్తే, అర్హులైతే వెళ్ళమని చెప్పండి. కాకపోతే ఆ నిజం రాసి పంపమనండి. ఇక్కడ మలక్‌పేటలో మిమ్మల్ని పంచ్‌గా రమ్మని అడిగితే, చూసింది చూసినట్టు రాసిన కాగితం మీదే సంతకం పెడతానని ముందే చెప్పి, మీరూ వెళ్ళండి.